వాలు

డ్రెయిను మీద లస్కరుగా
ముప్పయ్యొక్క వానాకాలాలు చేశారు తాతబ్బాయి గారు.
నాకు షట్టరు తిప్పడం నేర్పింది ఆయనే.
"బలంతో కాదమ్మా, చెవితో తిప్పాలి.
పళ్ళచక్రం మూలిగితే ఆగు.
నీళ్ళు గొంతు మార్చాక మళ్ళీ తిప్పు."

మొన్న శ్రావణంలో
ఆయన కాళ్ళు నేలకి అంటుకుపోయాయి.
ఊబిలో దిగిన మనిషిలా
ఒక్కో అడుగూ పీక్కుంటూ వచ్చారు,
ఎండిన గట్టు మీద.
తర్వాత గేజీ అంకె మర్చిపోయారు.
తర్వాత, చెప్పకూడదు గానీ, పంచె తడిసింది.
ఊళ్ళో వయసన్నారు. కొందరు సారా అన్నారు.

కాకినాడలో డాక్టరమ్మ
ఫిల్ముని వెలుగుకి పెట్టి చూపించింది.
తల నడుమ రెండు నల్లటి చెరువులు,
గట్టు తెగేంత నిండుగా.
"రోజుకి అర లీటరు ఊరుతుంది, అందరికీ.
ఊరిందంతా దిగిపోవాలి,
నిద్రలో మెదడు మురుగు కడుక్కుంటూ
నెత్తుట్లోకి, మెడలో సన్న కాలవల్లోకి.
మీకు దిగడం లేదు."

అప్పటిదాకా తన పేరే తడుముకుంటున్న మనిషి
ఠక్కున అడిగారు:
"పూడికా? గుర్రపుడెక్కా?"
"సరిగ్గా తెలీదండి," అందావిడ.
ఆ మాట నాకు నచ్చింది.
మా ఇంజనీర్లు ఎప్పుడూ అనరు.

నడుంలోంచి సూదితో
అర టీగ్లాసుడు తీశారు.
ఇసకలో చెలమంత తేట.
జన్మంతా బురదనీళ్ళు వదిలిన చేత్తో
సీసా ఎత్తి చాలాసేపు చూశారు.
"ఇది మురుగేంటి?
నారుమడికి పెట్టొచ్చు."
సాయంత్రానికి వరండా ఆ చివరిదాకా
కాళ్ళెత్తి నడిచారు.

గొట్టం వేస్తామన్నారు,
తలలోంచి చెవి వెనగ్గా, చర్మం కింద, పొట్టలోకి.
"వాలెంత?"
"నిలబడితే రెండడుగులుంటుందండి."
"మాకు మైలుకి కూడా అంతుండదు!"
తాళంచెవి ఎవరి దగ్గరని అడిగారు.
మధ్యలో బుల్లి తూముందట,
అయస్కాంతంతో బయటినించే తిప్పుతారట.
"ఒక్కసారే ఎత్తెయ్యకండి.
నీళ్ళు గబుక్కున తీస్తే గట్టు జారుద్ది."
ఆవిడ రాస్తున్న పెన్ను ఆపి
ఆయన వైపు తిరిగింది.

ఇవాళ అమావాస్య పోటు.
సముద్రం తీసుకోనంటోంది.
మూడూళ్ళ స్వర్ణ చేలు
వెన్నులదాకా నీళ్ళలో నిలబడ్డాయి.
షట్టరు దించి, సెల్లు వెలుగులో గేజీ చూస్తూ
ఆటు కోసం కూచున్నాను.
ఆస్పత్రిలో ఆయన నిద్రపోతున్నారట,
నర్సు చెప్పింది.
ముంపు రాత్రి ఏనాడూ కన్ను మూయని మనిషి.
పోనీ. కడుక్కోనీ.
హేండిలు మీద చెయ్యేశాను.
నీళ్ళింకా గొంతు మార్చలేదు.