పదహారు జెర్సీలు

గుంటూరు యార్డులో టిక్కీల లెక్క రాసే చేత్తోనే
రాత్రి పది దాటాక పిల్లల పేర్లు రాస్తాను.
అదే పెన్ను, అదే పొడుగు పుస్తకం.
ఇటునుంచి తెరిస్తే కమీషన్ కొట్టు,
అటునుంచి తెరిస్తే ఫుట్‌బాల్ క్లబ్బు.

నెలకు మూడొందలు ఇచ్చేవాళ్ళు పదకొండుమంది.
వందే ఇచ్చి, మిగతాది వచ్చేవారం అనేవాళ్ళు ఏడుగురు.
ఏమీ ఇవ్వకుండా అందరికంటే ముందొచ్చి
గోల్‌పోస్టుకి వల కట్టేవాడు ఒకడు, బాజీ.
వాడి పేరుకెదురుగా జమ గడిలో "వల" అని రాశాను.
మా లెక్కలు చూసే ఆడిటరు లేడు.

ఖర్చు వైపు బరువెక్కువ.
సున్నం, గాలిపంపు, మోకాళ్ళకి పట్టీలు,
రిఫరీకి రెండుపూటలా టిఫిను.
తిట్లు మాత్రం అవతలి జట్టు తండ్రులే పెట్టుకుంటారు.
తెల్లారకముందే ఫోన్లు:
మావాణ్ణి ముందు ఆడించరేం,
మావాడి ఎడమకాలు మీ కోచ్‌కి కనపడదా,
మావాడు రాత్రి అన్నం తినలేదు.
ఒక తల్లిది వేరే బాధ:
"గెలవకపోయినా పర్లేదండీ,
లెక్కల ట్యూషన్ టైముకి పంపించండి."

మాఘం దాటితే గ్రౌండు మాది కాదు.
ఇరవై సెంట్లు వదిలి మిగతాదంతా మిరపకాయలు ఆరబోస్తారు.
బంతి ఎరుపులోకి పోతే ఒక్కడే వెళ్ళాలి,
మునివేళ్ళ మీద, కాయ చిట్లకుండా.
వచ్చాక గంటసేపు కళ్ళు తుడుచుకోకూడదు.
మా క్లబ్బు మొదటి రూలు ఇది, ఎక్కడా రాసిలేదు.
ఆ బంతిని తలతో కొట్టి గోలేసినవాడు
బొటబొటా కన్నీళ్ళు కారుస్తుంటే
ఓడామనుకుంటారు దారినపోయేవాళ్ళు.

పోయిన ఆదివారం తెనాలిలో పోటీ. పద్నాలుగేళ్ళ లోపు.
జెర్సీలు పదహారు, పిల్లలు పంతొమ్మిది.
శనివారం చీకటిపడ్డాక చిన్నపరెడ్డి మాస్టారు
పదిహేను పేర్లు చెప్పి
విజిల్ జేబులో వేసుకుని లేచాడు.
"పదహారోది నువ్వు రాయి. కాగితాలు నీకే తెలుసు."

కాగితాలు నాకే తెలుసు.
జెర్సీ వీపు మీద కోల్డ్ స్టోరేజీ పేరుంటుంది.
ఆ కోల్డ్ స్టోరేజీ గారబ్బాయి తనీష్.
మంచివాడే పాపం, బంతి వస్తే పక్కకి జరిగి దారిస్తాడు.
బాజీ దగ్గరకొచ్చిన బంతి ఇంకెవరి మాటా వినదు.
కానీ వాణ్ణి బళ్ళో వేసేనాడు
ముచ్చికలు తీసే పని ఒకపూట మానుకుని నిలబడ్డ తల్లి
ఎప్పుడు పుట్టాడంటే "వానలప్పుడు" అంది.
అయిదు నిండాలని హెడ్మాస్టరు దయతలిచి ఒక ఏడాది కలిపాడు.
ఆ దయకి ఇప్పుడు పదిహేనేళ్ళు.

అవతలి జట్టు గోల్‌కీపర్లు గడ్డం గీసుకుని వస్తారు.
వాళ్ళ కాగితాలు పదమూడంటాయి.

టిక్కీకి కిలో తరుగు తీస్తాను రోజూ.
తేమ అంటాను, మట్టి అంటాను,
రైతు నా మొహంలోకి చూసి ఊరుకుంటాడు.
ఒక్క ఏడాది తరుగు తీయడానికి
ఆ రాత్రి చెయ్యి లేవలేదు.
నీతి అనుకున్నాను మొదట.
తర్వాత చెక్కు మీద తేదీ గుర్తొచ్చింది.
పదహారో గీత మీద తనీష్ అని రాశాను.
అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

బస్సు పంతొమ్మిదిమందీ ఎక్కారు.
తెనాలిలో వల బాజీనే కట్టాడు,
మా వైపుది, వాళ్ళ వైపుది కూడా.
రెండు ఒకటితో ఓడిపోయాం.
చివరి అయిదు నిమిషాలు ఆడిన తనీష్
గట్టు మీద కూర్చుని ఎవరివైపూ చూళ్ళేదు.
వాడి బూటు లేసు ముడిపడిపోతే
బాజీ వంగి పళ్ళతో విప్పిపెట్టాడు.

తిరుగు బస్సు నారాకోడూరు దాటుతుండగా
నా సీటు వెనకనుంచి అడిగాడు:
"సార్, వచ్చే పోటీలకి నాకెన్నేళ్ళు?"

పుస్తకం ఒళ్ళోనే ఉంది.
బస్సు ఛార్జీలు మళ్ళీ మొదట్నుంచి కూడాను.