నాలుగో గడి

స్టవాంగర్‌లో వాన ఎప్పుడు మొదలైందని
ఎవరూ అడగరు.
పాత గోదాము పైఅంతస్తులో
నేనూ, స్కానరూ,
పదకొండు వేల సార్డీన్ డబ్బాల కాగితాలూ.
అరచేయంత బొమ్మలు.
చేపల్ని ఎవరెవరో ఎప్పుడో తినేశారు,
జిగురు వాసన మాత్రం నాకు మిగిల్చారు.

బొమ్మకు నాలుగు గళ్లు.
ఫ్యాక్టరీ పేరు, అది పెద్దక్షరాల్లోనే ఉంటుంది.
అచ్చువేసిన చోటు,
మూలన చీమ తలంత అక్షరాల్లో,
భూతద్దానికి దొరుకుతుంది.
ఏడాది మాత్రం
అంచున రంగుల చుక్కలు లెక్కబెట్టి
కాస్త ధైర్యం చేసి రాస్తాను.
నాలుగోది, గీసినవారు.
అక్కడికి రాగానే చూపుతో పని లేకుండా
వేళ్లే కొట్టేస్తాయి:
తెలియదు.

నిన్న ఒక్కరోజే
రెండువందల పదహారు సార్లు తెలియదన్నాను.
బడిలో అయితే ఈపాటికి
బయట నిలబెట్టేవారు.

డబ్బాకు ఊరుంది, పేరుంది.
దాని మీద బొమ్మ గీసిన చెయ్యే
ఊరూ పేరూ లేనిదైంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం
తొంభై ఒకటేళ్ల ఓద్నీ హెల్లెలాండ్
చక్రాల ఊతకర్ర తోసుకుంటూ వచ్చింది.
మనవడి ఫోన్‌లో చూసిందట మా బొమ్మని.
తడి కోటు విప్పకుండానే
తెర మీది నీలిపిల్లిని వేలితో పొడిచి
"ఇది మా పిల్లే" అంది.

ఎడమ చెవి కొస లేదు చూడు,
సీగల్‌తో తగాదా.
మా మేనత్త గుడ్వేగ్ గీసింది.
అచ్చు రాళ్ల మీద చుక్కలు పెట్టే పని,
డజనుకింత అని కూలి.
బొటనవేలి నీలం ఏ సబ్బుకీ పోయేది కాదు,
అందుకే చర్చికి వెళ్తే
ఎండాకాలంలోనూ చేతితొడుగులు.

ఆధారం ఏదైనా ఉందా అండీ, అన్నాను,
అడగడం నా ఉద్యోగం కనుక.
ఆమె చాలాసేపు ఆలోచించింది.
"పిల్లి చచ్చిపోయింది" అంది.

సిగ్‌బ్యోర్న్ మా పెద్ద, చెడ్డవాడేం కాదు.
జ్ఞాపకం రసీదు కాదు, అన్నాడు.
తర్వాత పిల్లిని దగ్గరగా పెంచి చూసి
"పనికి మాత్రం పేరు పెట్టడానికి లేదు" అన్నాడు.
అవును, పెట్టలేదు
ఎవరూ.

రసీదు కోసమే దిగాను నేలమాళిగకి.
అచ్చాఫీసు చిట్టా, తోలు అట్ట, బూజు.
సిరా, బొగ్గు, బవేరియా నుంచి వచ్చిన రాళ్లు,
అన్నిటికీ లెక్క ఉంది.
బండిగుర్రానికి ఓట్లు, ఇరవై కిలోలు.
గుర్రం పేరు బ్లక్కెన్ అని
ముచ్చటగా ఎర్ర సిరాతో ఉంది.
దాని కింద వరసలో:
అమ్మాయిలు, ఆరుగురు.

అంతే.
ఆ పేజీని కూడా స్కాన్ చేశాను,
ఎవరూ చేయమనకపోయినా.

పైకొచ్చి నాలుగో గడిలో రాశాను:
గుడ్వేగ్ హెల్లెలాండ్,
మేనకోడలి మాట ప్రకారం. ఎడమ చెవి చూడండి.
గడికి నలభై అక్షరాలే హద్దు,
చెవి దగ్గర తెగిపోయింది వాక్యం.
మళ్లీ కుదించి రాశాను.
మేనకోడలు పోయింది, చెవి ఉంది.
మళ్లీ రాశాను.
ఈసారి ఇద్దరూ ఇరికారు,
చుక్క పెట్టడానికే చోటు లేకపోయింది.

సిగ్‌బ్యోర్న్ చూశాడు, ఏమీ అనలేదు.
కాఫీ మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

మిగతా గళ్లలో ఇప్పుడు
తెలియదు అని రాయడం లేదు.
ఇంకా అడగలేదు, అని రాస్తున్నాను.
రెండు మాటలు, ఎక్కువ టైపు కొట్టాలి,
రోజుకి పదిహేను బొమ్మలు తగ్గుతున్నాయి.

తర్వాతి కాగితం మీద దీపస్తంభం.
అల, తెరచాప, బంగారు అంచు,
అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.
స్తంభం వెనక సన్నని తీగ మీద మాత్రం
ఆరేసిన మేజోడు ఒకటి,
ఒంటిది, మడమ దగ్గర చిల్లు.

దీన్ని గీయమని
ఏ ఫ్యాక్టరీ చెప్పి ఉంటుంది?