నూట పన్నెండో పేజీ

పీణ్యలో మెట్రో ఎక్కాను,
పుస్తకాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని.
నిన్నటి పులిహోర వాసన
అట్టకి కొంచెం అంటే ఉంటుంది.
సంపిగె రోడ్డులో దిగి, అడిగి అడిగి
మల్లేశ్వరంలో ఆ మేడ మీది హాలు పట్టుకున్నాను.
ఆదివారం. ఓటీ వదులుకున్న ఆదివారం.

ముందు వరసల్లో మంచి చీరలు.
కమలిని గారు చాలా మాట్లాడారు, నేను సగమే విన్నాను.
అడగాల్సినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నా,
ఒక్కటి మరిచిపోయినా
రేపు లైన్లో నన్ను బతకనివ్వరు.

సంతకాల వరసలో అందరివీ కొత్త కాపీలు.
నాది చూసి ఆమె పెన్ను ఆగింది.
మెజెస్టిక్ పేవ్‌మెంట్ మీద నలభై రూపాయలకి కొన్నది,
వీపు చిరిగితే కాలర్లో వేసే బక్రం అతికించింది,
అంచుల్లోంచి ఏడు దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఇవేంటమ్మా?"

గుర్తులండీ. ఒక్క పుస్తకం, ఏడుగురం.
ఎవరు ఎందాకా వచ్చారో తెలియాల కదా.
నీలం నాది, కాలరు మిషను.
ఎర్రది ఓబుళమ్మది, మడకశిర.
ఆకుపచ్చ షమీమ్, చెకింగ్.
నల్లది గంగరత్న, బూడిదరంగు సాకమ్మ.
పసుపు మంగళది. కన్నడావిడ, మన అక్షరాలు రావు,
భోజనం గంటలో నేను చదువుతుంటే చెవితో చదువుతుంది.
దారం మాత్రం తనే పెట్టాల, ఎవర్నీ పెట్టనివ్వదు.
తెల్లది ఎవరిదో చెప్పను.
ఆమె చదువుతోందని వాళ్ళింట్లో తెలియకూడదు.

మీ వనజ గురించి మిషన్ల మధ్య మేం గొడవపడుతుంటే
సూపర్‌వైజరు వచ్చి అడిగాడండీ:
ఈ వనజ ఏ లైన్లో పని చేస్తుంది?

ఆమె దారాలు పట్టుకుని తెరిచారు.
నాలుగు దారాలు ఒకే పేజీలో.
చదవడం అయిపోయినోళ్ళందరూ
మళ్ళీ అక్కడికే తెచ్చి పెట్టుకున్నారు.

ఆ పేజీలో ఏమీ జరగదు.
వనజ తన స్టాపు వచ్చినా బస్సు దిగదు, అంతే.
కిటికీ పక్కన సీటు, ఒళ్ళో కూరల సంచి,
చివరి స్టాపు దాకా పోయి అదే బస్సులో వెనక్కొస్తుంది.
ఎందుకో రాయలేదు.

"దీన్ని తీసేద్దామనుకున్నాను," అన్నారు కమలిని గారు.
"కథ నడవట్లేదన్నారు ఎవరో."

నడవకపోవడమేంటండీ.
మా ఓబుళమ్మ దాసరహళ్లిలో దిగాల,
మొన్న శుక్రవారం దిగలేదు.
నెలమంగల దాకా పోయింది.
అక్కడ కారం చల్లిన దోసకాయ ముక్కలు కొనుక్కుని
నిలబడి తిని, ఇంకో బస్సెక్కి వచ్చింది.
ఇంట్లో ఏం చెప్పావే అంటే
ట్రాఫిక్ అన్నానంది.
బెంగళూరులో ఆ మాటని ఎవరూ అనుమానించరు.

నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.
ఎర్రదారాన్ని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.
నా వెనక ఎవరో దగ్గారు.

"ఈ కాపీ నాకిస్తావా? కొత్తవి ఏడు ఇస్తాను."

ఏడు! ఒక్క క్షణం లెక్క కుదిరినట్టే అనిపించింది.
ఇవ్వనన్నాను.
సాకమ్మ ఇంకా అరవయ్యో పేజీ దాటలేదు,
గురువారం దాకా ఆమె వంతు.

అప్పుడు గుర్తొచ్చింది, షమీమ్ చెప్పమన్నది.
మేడమ్, ఇరవై మూడో పేజీలో తప్పుంది.
వనజ జాకెట్టుకి ముందు చెయ్యి ఎక్కించి
తర్వాత భుజం కలిపిందని రాశారు.
భుజం కలపకుండా చెయ్యి దేనికి ఎక్కుతుంది?

ఇప్పుడు నవ్వారు, హాలంతా తిరిగి చూసేంత.
ఇరవై మూడు తీసి, అచ్చైన వాక్యాన్ని తనే కొట్టేసి,
పక్కన చిన్నగా రాశారు:
ముందు భుజం. షమీమ్ చెప్పింది.
సంతకం పెట్టడం మరిచిపోయారు. నేనూ అడగలేదు.

సోమవారం, పదిన్నర టీకి,
షమీమ్ ఆ పేజీని ట్యూబులైటు కింద ఎత్తి పట్టుకుంది,
చొక్కాని పట్టుకున్నట్టే.
వెనక్కి తిప్పి, సిరా అవతలికి ఎంత దిగిందో చూసింది.
బొటనవేలితో ఒకసారి తడిమింది.

"పాస్," అంది.