ఘాలా క్యాంపు, రూం పదిహేడు

రువీల పాత సామాన్ల కొట్టు.
ఇరవై రెండు రియాళ్ల ల్యాప్‌టాప్.
'ఆర్' మీట ఊడిపోయి ఉంది,
ఫైలుకు రాముని పేరు పెట్టాలంటే
అగ్గిపుల్లతో గుచ్చాలె.

దొంగ విండోస్ మీద
పోశెట్టన్న చిరుతల రామాయణం ఎక్కించిన.
హనుమంతుని తోకకు గుడ్డలు చుట్టే కాడ
తెర నీలంగ అయిపోయింది.
"లంక కంటె ముందు మిషినే కాలిందిరా,"
అన్నడు పోశెట్టన్న,
చిరుతలు మంచం కింద పెట్టుకుంట.

ఆయనకు ఎగ్జిట్ కొట్టింది కంపెనీ.
ఇంక మూడు శుక్రవారాలు.

పై రూం రోమెల్, చర్చిల గిటారు వాయించే మనీలా పిలగాడు,
"లైనక్స్ పెట్టుకో" అన్నడు.
ఏ లైనక్స్?
నవ్విండు. ఆ నవ్వు అర్థమయ్యేసరికి
పది రాత్రులు పోయినయి.

పన్నెండు మంది పంచుకునే వైఫై.
ఒక్కొక్కటి దిగేసరికి ఒక్కొక్క షిఫ్టు.
ఉబుంటు స్టూడియో పెండ్లివారి లెక్క
అన్ని సామాన్లతోని దిగింది,
నా నాలుగు జీబీల ఇంట్ల కూసునే జాగ లేక మూలిగింది.
ఫెడోరాల గొంతు వచ్చింది, బొమ్మ రాలే.
కోడెక్ వేరే తెచ్చుకోవాలెనంట.
ఆర్చ్ అయితే అన్నీ నన్నే అడిగింది.
పొద్దంత డక్టులు బిగించొచ్చినోన్ని,
రాత్రి గూడ నట్లు నేనే బిగించాల్నా?

ఒకటి మాత్రం మనసుకు పట్టింది.
పెన్‌డ్రైవ్ పెట్టంగనే అడుగుతది:
ఉత్తగ చూసుకుంటవా, ఇప్పుడే ఎక్కించుకుంటవా?
జగిత్యాలల ఏజెంటు ఆఫీసుల
నన్నెవ్వరూ అట్ల అడగలే.

ఆఖరికి డెబియన్.
తొందర లేని ముసలి ఫోర్‌మన్ అసొంటిది.
సన్న డెస్క్‌టాప్, ఆర్డోర్, కెడెన్‌లైవ్, అంతే.
గొంతు మైకుల పడి మళ్ల చెవికొచ్చే నడుమ సందును
లేటెన్సీ అంటరని చెప్పిన.
"ఎంతుంటది?"
"సెకండుల నూరో వంతు."
"నా జీతానికి నాలుగు నెల్లు," అన్నడు పోశెట్టన్న,
గొంతు సవరించుకొని ఎత్తుకున్నడు.

లంక కాలింది. మిషిన్ కాలలే.

రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకొని
పాట కింద గుయ్యిమంటున్న ఏసీ మోతను
మెల్లెగ గీకి తీసేస్తున్న.
ఒక చెవిది గుంజుకొని విన్నడాయన.
"అది ఉండనియ్యి," అన్నడు.
"బిగించింది నేనే గద."

మోతను మళ్ల పెట్టిన.
రెండర్ పదహారు శాతం.
బయట నాలుగున్నర బస్సు హారన్ కొడుతున్నది.