ఆవగింజంత గాజుపూస

సచ్చిన డివిడి ప్లేయర్లు నా దుకాణంల ఇరవై రెండు.
కిలోల లెక్కన అమ్ముదామని మూటగట్టిన పొద్దు
అండాలు వచ్చింది, ఇంటర్ బైపీసీ పిల్ల.
"అన్నా, పాట పాడేది నాకొద్దు.
లోపట చూసే కన్నున్నది గదా, అది ఇయ్యి" అన్నది.

కాలేజీల మైక్రోస్కోపు ఉన్నదట.
బీరువాల ఉన్నదట. బీరువాకు తాళమున్నదట.
చెవి, రిటైరైన సారు జేబుల.

విప్పిన. శనగబద్దల సగం కూడ లేదు ఆ కన్ను.
ఫోను కెమెరా మీద జుట్టుపిన్నుతోని నిలబెట్టి
కింద ఉల్లిపొర పరిచినం.
చండూరు బజార్ల, చార్జర్ వైర్ల కింద,
ఎవరో మేస్త్రి ఇటుకలు పేర్చి పోయినట్టు
వరుస మీద వరుస.
ఇన్నేండ్లు తిన్న గడ్డే.
కండ్లల్ల నీళ్ళొచ్చినయి.
ఘాటుకేనని చెప్పిన.

పిల్లకు అది సాలలే.
కంచరి వీరభద్రం కొలిమి కాడికి పోయినం.
ఇంజక్షన్ సీసా మెడను మంటల సాగదీస్తే దారమైంది,
దారం కొసను మల్ల మంటకు చూపెడితే
సిగ్గుపడ్డట్టు ముడుచుకొని పూసైంది.
తొమ్మిది పూసలు పారేసినంక పదోది తేట.
ఇత్తడి రేకుకు సూదిబెజ్జం కొట్టి
దాన్ల కూసోబెట్టిండు.
"గంటలు పోసిన, గంగాళాలు పోసిన,
కనుపాప పోసుడు ఇదే మొదలు" అని
పైసలు తీసుకోలే.

ఇగ మా ఇంటామె కుక్కర్ పోయింది.
ఆలుగడ్డ ఉడికిన నీళ్ళు, చిటికెడు చక్కెర,
కిరాణంల తెచ్చిన చైనా గ్రాసు,
జాం సీసాలల్ల పోసి మూతపెట్టి
కూతలు లెక్కపెట్టకుండ ఇరవై నిమిషాలు.
"పప్పుకైతే ఇంత ఓపికుండదు నీకు" అన్నదామె.
థర్మాకోల్ పెట్టెల బల్బు: మా పొదుగుడు గంప.
మొదటిసారి బల్బు పెట్టెనే కాల్చింది.
రెండోసారి పచ్చబూజు.
మూడోసారి పచ్చబూజు, దానికి తోడు నల్లది.
"మనకంటె ముందు గాలి నాటేసి పోయిందన్నా" అని
నోటుబుక్కుల తారీకేసి రాసుకుంది.
నేనైతే ఆ పేజీ చింపుదును.

నాలుగోసారి, ఫ్యాను బంద్ చేసి,
దీపం పక్కన ఊపిరి బిగబట్టి,
వాళ్ళ నాయిన లొట్టిలకెల్లి ఒక్క చుక్క కల్లు.
రెండొద్దులకు సగ్గుబియ్యమోలె తెల్లటి చుక్కలు.

బుచ్చిరాములు చెట్టు దిగి
భుజం మీది మోకు దించకనే దుకాణంలకొచ్చిండు.
ఒక కన్ను మూసి, ఇంకో కన్ను పూసకానిచ్చి
చానసేపు ఊకున్నడు.
గుండ్రటి గింజలు. గింజ భుజానికి గింజపిల్ల.
"ఇన్నొద్దులు ఒక్కణ్ణే దిగుతున్ననుకున్న బిడ్డా" అన్నడు,
"ఇంతమందిని ఎత్తుకొని దిగుతున్ననా?"

అక్కడికి ఆపితే అయిపోవు.
నేను ఆపలే. పాత బోరు నీళ్ళు తెచ్చిన,
మా అవ్వ మోకాళ్ళను వంచిన నీళ్ళు.
పిల్ల చుక్క పెట్టింది. చూసింది. జరిపింది. మల్ల చూసింది.
పురుగు లేదు. నలక లేదు.
పండ్లకు గార పట్టిచ్చింది, ఎముకకు వంక తెచ్చింది
ఆ పూసల ఏడా దొరకలే.
"పాణమున్నది కాదన్నా ఇది.
దీనికి కన్ను సాలదు, వేరే పద్ధతి దేవులాడాలె."
తారీకేసింది. రాసింది:
బోరు నీళ్ళు. ఏం కనపడలేదు.
కింద సగం పేజీ ఖాళీగ ఇడిసిపెట్టింది.

మా అవ్వ దుకాణం అరుగు మీదనే కూసోనుంది,
కట్టె ఒడిల పెట్టుకొని,
ఏమైందిరా అని అడగలే.

పోతా పోతా పిల్ల మూటను కాలితోని కదిలిచ్చింది.
"వీట్ల గిర్రున తిరిగే మోటర్లు కూడ ఉంటయి గదన్నా?"
ఇరవై రెండు, అన్న.
మూట ముడి అప్పటికే విప్పుతున్న.