సీసా మీద పేరు

దేవరకొండల ఎరువుల దుకాణం మీది అంతస్తు.
ఏడు కంప్యూటర్లు. రెండు పనిచెయ్యవు.
కింది నుంచి యూరియా వాసన,
కిటికీల నుంచి సాగర్ బస్సు హారను.

నాకు ముప్పై ఆరేండ్లు.
పొద్దంత నీళ్ల ల్యాబుల సీసాలు కడుగుత,
సాయంత్రం ఆరు గొట్టంగ వచ్చి సి నేర్చుకుంట.
ల్యాబు లెక్కలన్నీ కాయితాల మీదనే,
నాకంటె ముందు ఎలుకలు సదువుతయి.
పక్క కుర్చీల రమావత్ అనిత, డిగ్రీ రెండో సంవత్సరం,
‘ఆంటీ’ అని పిలిచి, నాలుక కరుచుకొని ‘అక్కా’ అంటది.
నేను నవ్వుత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.
మా ఊరి బోరు నా పండ్ల మీద
ఎప్పుడో సంతకం చేసింది.

మొదటి వారం అన్నిటికి ఎక్స్ అనే పేరు పెట్టిన.
ఎక్స్, ఎక్స్ ఒకటి, ఎక్స్ రెండు.
పదకొండు ఊర్ల నీళ్లు పదకొండు ఎక్సులల్ల పోసిన.
నడుమ ఆదివారం వచ్చింది.
సోమవారం తెరిచి చూస్తే
ఏ ఎక్స్ ఏ ఊరో
పెట్టిన నాకే యాదికి లేదు.

సబీహా మేడం కోప్పడలే.
చేతుల సుద్ద దులుపుకొని,
"మీ ఇంట్ల ఉప్పు డబ్బ, సర్ఫు డబ్బ
ఒక్కతీరుగ ఉంటయా?" అన్నది.
ఉంటయి మేడం, అన్న. మూత తీసి వాసన చూస్త.
క్లాసంత నవ్వింది. ఆమె గూడ.
"మిషినుకు ముక్కు లేదమ్మా."

రెండో వారం సగటు తియ్యమన్నది.
‘మొత్తం’ అని పేరు పెట్టిన, బుద్ధిగ.
ఊరూరి లెక్క దాంట్ల కలుపుకుంట పోయిన.
జవాబు: ముప్పై రెండు వేల చిల్లర.
అంత ఫ్లోరైడుంటే అవి నీళ్లు గావు,
గుట్టను నమిలి మింగినట్టే.
"డబ్బ తెచ్చిన్రు, కడగలే," అన్నది మేడం.
"మీకంటె ముందు ఎవరిదో ఉంటది లోపల.
సున్న పెట్టి మొదలువెట్టున్రి."
నాకంటె ముందు నా చేతులకు అర్థమైంది.
బోరు కాడ సీసాను ఆ నీళ్లతోనే
మూడుసార్లు తొలిపి గద నింపుతం.
పన్నెండేండ్ల నుంచి చేస్తున్న పని,
దానికి ఇంకో పేరున్నదని తెల్వక.

మూడోది మేడం చెప్పలే. నేనే పట్టుకున్న,
పట్టుకొని ఆ రాత్రి నిద్రపోలే.
కొత్తబాయి నీళ్లు ఒకటి పాయింట్ ఎనిమిది.
హద్దు ఒకటిన్నర.
తెర మీద పచ్చగ వచ్చింది: ‘తాగొచ్చు.’
గీకి గీకి వెతికితే తెలిసింది,
పూర్తి సంఖ్యల డబ్బల పోసిన నేను.
పాయింటు తర్వాతది పారబోసి
ఒకటి మాత్రమే ఉంచుకున్నది డబ్బ.
తప్పని అనలే. గంట కొట్టలే.
ఆ పాయింట్ ఎనిమిదిలనే
కొత్తబాయి నర్సవ్వ మోకాళ్లున్నయి.
కింద కూసోలేక
నిలవడి అన్నం తినే ఆమె కొడుకున్నడు.

ఇప్పుడు రాస్త చూడున్రి, మెల్లగ:
ముందు రకం, తర్వాత పేరు, ఎంబడే విలువ.
ఇంగ్లీషు అక్షరాలల్ల మన మాటలే.
బోరులోతు. కొత్తబాయినీళ్లు.
హద్దుకు ముందట ‘మారదు’ అని కట్టేసిన.
రేపెవలన్న సారు వచ్చి దాన్ని రెండు జేస్తే
సగం మండలం ఒక్క రాత్రిల బాగైపోతది గద.
ఇంత పొడుగు పేర్లెందుకక్కా,
వేళ్లు నొస్తయి, అంటది అనిత.
నొయ్యనీ.

నిన్న పగటీలి లింగస్వామి వచ్చిండు,
నలభై కిలోమీటర్లు బండి మీద.
సంచిల ఐదు సీసాలు. ఒకదాని మీద చీటి లేదు.
"బడి ఎనుక బోరుదే గావొచ్చక్కా,
మిగిలినోటికి ఉన్నయి గద."
సింకుల పారబోసిన.
వాని జేబు కొట్టేసినట్టు చూసిండు నన్ను.

మూడుసార్లు కడిగి, బోర్లించి, తుడిచి,
ఊరు, బోరు, తారీకు రాసి చీటి అంటించి
ఖాళీ సీసాను వాని చేతుల పెట్టిన.
లోపల ఇంకా ఏం లేదు.
పేరున్నది.