సోలెడు తవుడు

కరెంటు పోయిన మధ్యాహ్నం, విజయనగరం,
కల్చరు గదిలో ఫ్లాస్కులు పద్దెనిమిది
దూది బిరడాలతో
టీకాల వరసలో నిలబడ్డ పిల్లల్లా.

బూజు ఒకటే.
గరివిడి రైసుమిల్లు గోడౌన్లో
తడిసిన గోనె కింద గీకి తెచ్చిన నల్లబూజు.
కూడే వేరు.
మూడింటికి గ్లూకోజు, మూడింటికి గంజిపిండి,
చెరకు పిప్పి, జూట్ మిల్లు ధూళి, తవుడు,
చివరి మూడింటికి
లవణాల నీళ్ళు తప్ప ఏమీ లేదు.

ఐదోరోజుకి గ్లూకోజు మీద బూజు
కొత్త పరుపులా దట్టంగా కట్టింది.
ముచ్చటపడి వడకట్టి
గంజి పళ్ళెంలో ఒక చుక్క వేసి
మర్నాడు అయోడిన్ పోస్తే
పళ్ళెమంతా నీలిమందు.
తిన్నది, పెరిగింది, ఎంజైము మాత్రం విడవలేదు.
నోట్లో పడే తీపికి
పళ్ళెందుకు నూరుకుంటుంది?

తవుడు ఫ్లాస్కు చూడ్డానికే రోత.
మట్టిరంగు ముద్ద, మాసిన గుడ్డ వాసన.
దాని చుక్క చుట్టూ మాత్రం
నీలం విరిగిపోయి
గుండ్రంగా ఒక తెల్లని ఖాళీ.
స్కేలు పెట్టాను. ఇరవై రెండు మిల్లీమీటర్లు.
నమ్మక మళ్ళీ పెట్టాను.

అటెండరు ఎర్రప్పడు తొంగిచూశాడు.
"తవుడుకేనేటమ్మా ఇంత పని?
మా గేదీ అంతే,
తవుడు కలపకపోతే సేపదు."

నవ్వాను గానీ
రికార్డు మీద చెయ్యి ఆగిపోయింది.
అట్ట మీద టి. రమణి.
టీ అంటే ఇంటిపేరనుకుంటారు అందరూ.

నాకు ముందు ఇద్దరు దక్కలేదట.
నేను పుట్టిన రోజు గుర్లలో
అమ్మ నన్ను చేటలో పెట్టి గడప దాటిస్తే
పక్కింటి నీలమ్మ పిన్ని
సోలెడు తవుడు కొలిచి కొనుక్కుంది,
పెంచమని తిరిగి అమ్మకే ఇచ్చింది.
చావు వచ్చి చూస్తే
ఇది పరాయి పిల్ల అనుకుని పోవాలి.
తవిటమ్మ.
ఆ పేరు పదో తరగతి కాగితం మీద
ఇంకా అలాగే ఉంది.
ఆ తవుడేమయిందో ఎప్పుడూ అడగలేదు.
గేదెకే వేసుంటారు.

సాయంత్రం మేడమ్‌తో అన్నాను,
కష్టపెడితేనే పనిచేస్తుందండీ బూజు, అని.
కొంచెం గర్వంగానే అన్నాను,
నా గురించి అన్నట్టు.
ఆవిడ చివరి మూడు ఫ్లాస్కులూ
కిటికీ వెలుగులోకి ఎత్తింది.
నీళ్ళు. అడుగున నాలుగు నలుసులు.
"వీటికంటే ఎక్కువ ఎవర్ని కష్టపెట్టావు?
ఏం చేశాయివి?
తవుడులో పిండి ఉంది, మాంసకృత్తులున్నాయి, నూనె ఉంది.
అది కష్టం కాదమ్మా, కూడు.
నమలాల్సిన కూడు.
సున్నా అని రాయి.
వచ్చేవారం నత్రజని మార్చి చూడు,
యూరియా, పెప్టోను, వేరుశనగ చెక్క."

ఆదివారం గుర్లలో అడిగాను.
అమ్మ చేపలు తోముతోంది.
"ఆలింట్లో తవుడెక్కడిదే?
మన తవుడే సోలెడు అప్పిచ్చి
నిన్ను కొనిపించినాను."
"మరి చావుకి తెలీలేదా?"
"దానికి లెక్కలు రావు."

సోమవారం.
కరెంటుంది, షేకరు తిరుగుతోంది.
కొత్త ఫ్లాస్కులు కడిగి బోర్లించాడు ఎర్రప్పడు.
తవుడు, ఐదు గ్రాములు.
తూకం ముల్లు నిలిచేదాకా
ఊపిరి బిగబట్టాను,
ఒక్క నలుసు ఎగరకూడదని.